రాచ్‌డేలు పురమండలము

మా పాఠశాలలో ఆంగ్లదేశ చరిత్రము చదువుకొను బాలురను ఎనిమిదవ హెన్రీకి భార్యలెందఱని యడిగినచో తడుముకొనక ఆఱుగురని చెప్పుదురు. ఆ దేశమున వీధి నూడ్పించు వారెవరు, కుళాయినీటికి పూచీపడు వారెవరు, బీదవాని యింటిగోడ చెమ్మగిలినచో వాడు మొఱపెట్టుకొనవలసినది యెవరితోనని యడిగినచో ఒక్కరును నోరు మెదపరు. తప్పు బాలురది కాదు. మనము వ్రాసి యిచ్చిన పుస్తకములది. రాజుల కథలు చదువుటకు సొంపుగా నుండును. ఊరి కథ చదువుటకు కొంత యోపిక కావలెను. అయినను ఒక జాతి తన్ను తాను పాలించుకొన నేర్చినదా లేదా యను ప్రశ్నకు ప్రత్యుత్తరము రాజధానిలో కంటె ఊరిలోనే స్పష్టముగా దొరకును. అందుచేత ఈ మాసమున మేము ఆంగ్లదేశమునందలి యొక చిన్న పరిపాలనాభాగమును దీసికొని దాని పూర్వోత్తరములను చదువరులకు విన్నవింప దలచితిమి. దాని పేరు రాచ్‌డేలు.

మాంచెస్టరు నగరమునకు ఈశాన్యమున సుమారు పది మైళ్ల దూరములో, పెనైను కొండల పడమటి పాదమున, రాచ్ అను చిన్న యేటి యొడ్డున ఈ పట్టణమున్నది. పూర్వము లాంకషైరు సీమలోనిది. నేడు బృహన్మాంచెస్టరులోని పది పురమండలములలో నొకటి. పట్టణము పేరే మండలమునకును పెట్టిరి గాని, అందు హేవుడు, మిడిల్టను అను వేఱు పట్టణములును, లిటిల్‌బరో, మిల్న్‌రో, వార్డిలు అను కొండదాపు నూళ్లును చేరియున్నవి. వైశాల్యము సుమారు 158 చదరపు కిలోమీటర్లు. 2021 జనాభా లెక్కల ప్రకారము నివాసులు సుమారు 2,23,800. విస్తీర్ణమును బట్టి చూచినచో మన పూర్వపు తాలూకాలలో మిక్కిలి చిన్నదానితో సరిపోవును. 20 వార్డులనుండి ముగ్గురేసి చొప్పున ఎన్నుకొనబడిన 60 మంది సభ్యులు దీని వ్యవహారములు చూతురు. బడులు, బాటలు, చెత్త యెత్తివేయుట, గ్రంథాలయములు, ఇండ్లు కట్టుటకు అనుమతులు, వృద్ధుల పోషణ, దిక్కులేని పిల్లల సంరక్షణ - ఇవి యన్నియు ఈ సభ విధులే. చట్టము చేయునది పార్లమెంటు. ఆ చట్టమును బీదవాని గుమ్మము వఱకు గొనిపోవునది ఈ సభ.

1086 సంవత్సరమున విజేతయగు విలియము వ్రాయించిన భూముల లెక్కలో ఈ చోటు రెసెడ్‌హాం అను పేర కనబడుచున్నది. మన దేశమున ఏటివలన ఊరికి పేరు వచ్చుట పరిపాటి. ఇచ్చట ఊరి పేరునుండియే ఏటికి రాచ్ అను పేరు గలిగినదని పండితుల నిర్ణయము. 1251 సంవత్సరమున సంత జరుపుకొను హక్కు రాజశాసనముచే లభించినది. బటర్‌వర్తు, కాసిల్టను, హండర్స్‌ఫీల్డు, స్పాట్లండు అను నాలుగు ఖండములుగా విభజింపబడిన విశాలమైన చర్చి పరగణా యిది. నేల చలువ, వాన మెండు, పైరు పలుచన. సేద్యముతో కడుపు నిండని కుటుంబములు మగ్గము నాశ్రయించినవి. పిల్లలు ఉన్ని యేకిరి, స్త్రీలు నూలు వడికిరి, పురుషులు నేసిరి. ఇచ్చటి ఫ్లానెలు అను ఉన్నివస్త్రము దేశమంతట పేరు పొందినది. పోచంపల్లిలోనో మంగళగిరిలోనో నేతగాని యింట ఒక దినము గడపిన వారికి ఆ సంసారము బోధపడగలదు.

ఆ కాలపు వారిలో మా వృత్తివాడొకని పేర్కొనక ముందుకు సాగజాలము. మిల్న్‌రో గ్రామపు బడిపంతులు జాన్ కాలియరు (1708-1786) టిం బాబిన్ అను మాఱుపేరుతో ఆ సీమ పల్లెభాషలో హాస్యరచనలు చేసెను. 1746 లో వెలువడిన యాతని పుస్తకము ఆ మాండలికమునకు తొలి యచ్చుగ్రంథములలో నొకటి. లండను పండితులు మోటుమాట యని త్రోసిపుచ్చిన పలుకులను ఆతడు కాగితముపై నిలిపెను. గ్రాంథికమున వ్రాయుచున్న మేము ఆయనను మెచ్చుకొనుట చూచి చదువరులు నవ్వుకొందురు గాక, నిజము నిజమే.

పదునెనిమిదవ శతాబ్దపు చివర యంత్రములు వచ్చినవి. 1804 లో పెనైను కొండలను దాటించి రాచ్‌డేలు కాలువను పూర్తి చేసిరి. 1839 లో రైలుబండి వచ్చినది. ఉన్నితో పాటు ప్రత్తియు, ఇంటి మగ్గమునకు బదులు ఆవిరి మగ్గమును ప్రబలినవి. సంపద పెరిగినది, ఆ సంపదను పుట్టించినవారికి మాత్రము మాట చెల్లలేదు. వేలకొలది జనము గల యీ యూరికి 1832 వఱకు పార్లమెంటులో ప్రత్యేక ప్రతినిధి లేడు.

1819 ఆగస్టు 16వ తేదీన ఓటుహక్కు కోరుచు మాంచెస్టరులోని సెయింటు పీటరు మైదానమున మహాసభ జరిగినది. మిడిల్టనునుండి సామ్యుయెల్ బాంఫర్డు అను నేతగాడు తనవారిని వరుసలు దీర్చి నడిపించుకొని పోయెను. రాచ్‌డేలువారు వారితో కలిసిరి. శుభ్రముగా, నిశ్శబ్దముగా, ఆయుధములు లేక రావలెనని కట్టడి. ఊరేగింపు ముందు స్త్రీలును పిల్లలును నడచిరి. అట్టి సభపైకి అధికారులు గుఱ్ఱపు దండును తోలిరి. పదునెనిమిది మంది వఱకు చనిపోయిరి, గాయపడినవారు వందలు. బాంఫర్డు ఒక యేడు చెఱసాలలో నుండెను. 1832 నాటి సంస్కరణచట్టముచే రాచ్‌డేలునకు ఒక ప్రతినిధి లభించెను గాని, పట్టణములలో ఓటు ఏటికి పది పౌనుల విలువగల యింటిని అనుభవించు మగవారికే దక్కెను. మైదానమున దెబ్బలు తిన్న నేతగాడు మునుపటివలెనే గడపవెలుపల నిలిచిపోయెను.

పార్లమెంటులో ఓటు లేని ఆ జనులే తమ యూరి యంగడిలో ఓటు నిర్మించుకొనిరి. రాచ్‌డేలు పేరు లోకమంతట ప్రాకుటకు కారణమిదియే గనుక ఇచ్చట కొంత నిలువవలసియున్నది.

1840 ప్రాంతమున నేతపనివాని వంటయిల్లు వర్తకుని చేతిలో నుండెను. కూలి చాలదు గావున అప్పు. అప్పు గావున ఇచ్చినదే సరకు, చెప్పినదే ధర. రొట్టెపిండిలో పటిక, వాడి పాఱవేసిన తేయాకును మరల ఎండబెట్టి రంగు వేసిన తేయాకు, తేలిక తూకపురాళ్లు - ఇట్టి మోసములు ఆనాటి ఆంగ్లపట్టణములలో సర్వసాధారణము. కూలి పెంచుమని చేసిన సమ్మె 1844 లో విఫలమైనది. అంతకు పూర్వము 1833 లో కొందఱు కార్మికులు టోడ్ లేను అను వీధిలోనే సమష్టి దుకాణమొకటి తెఱచి, అప్పులిచ్చి, రెండేండ్లకే మూసివేసియుండిరి. ఈ రెండు ఓటములును తెలిసిన 28 మంది 1844 లో మరల కూడిరి. వారానికి రెండేసి పెన్నీలు ప్రోగుచేసి 28 పౌనుల మూలధనము సమకూర్చిరి. టోడ్ లేనులో ఒక గిడ్డంగి క్రింది భాగమును అద్దెకు దీసికొని, డిసెంబరు 21వ తేదీ రాత్రి తలుపులు తెఱచిరి. అందున్న సరకు వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్సుపిండి, కొన్ని కొవ్వొత్తులు. ఇంతియే. వీధి కుఱ్ఱలు ఆ యంగడిని చూచి గేలి చేసిరని చరిత్రకారులు వ్రాసిరి.

గేలి చేసిన కుఱ్ఱలకు కనబడనిది ఆ యంగడి కట్టడిలో నుండెను. సరకు కల్తీలేనిదై యుండవలెను. తూకము సరిగా నుండవలెను. రొక్కమునకే గాని అప్పునకు అమ్మరాదు. మూలధనమునకు మితమైన వడ్డీ ఇచ్చి, మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో ఆ ప్రకారము పంచవలెను. నూఱు పౌనుల వాటా గలవానికిని ఒక పౌను వాటా గలవానికిని ఒక్కటే ఓటు. స్త్రీకిని పురుషునితో సమముగా ఓటు. లెక్కలు నియతకాలమున సభ్యుల ముందుంచవలెను. కొంతకాలమునకు లాభములో నూటికి రెండున్నర వంతు విద్యకై ప్రత్యేకించిరి. అంగడి మీది యంతస్తులో పఠనమందిరమును గ్రంథాలయమును వెలసినవి.

ఇందు స్త్రీల విషయము మా పాఠకురాండ్రు శ్రద్ధగా గమనింతురుగాక. ఆ కాలపు ఆంగ్లచట్టము ప్రకారము వివాహిత స్త్రీ చేతి సొమ్ము భర్తదే. ఆమె కూలియు ఆమెది కాదు. ఆ చట్టము 1870, 1882 సంవత్సరములలో గాని సవరింపబడలేదు. పార్లమెంటు ఓటు 1918 వఱకు ఏ స్త్రీకిని లేదు. పురుషులతో సమానముగా 1928 లో గాని రాలేదు. ఇట్టి దేశమున కొవ్వొత్తులమ్ము నొక చిన్న యంగడి స్త్రీని సభ్యురాలినిగా చేర్చుకొని, ఆమె పేర వాటా వ్రాసి, చేయి యెత్తుమని యడిగినది. ఇంటికి పిండి కొనునది యామెయే. ఆ పిండి మంచిదో చెడ్డదో చెప్పగలదియు నామెయే. అట్టివారిని సభకు పిలువక అంగడి నడుపుట అవివేకమని వారు గ్రహించిరి. గొప్ప సిద్ధాంతములు తఱచు వంటింటి యక్కఱలోనుండియే పుట్టుచుండును.

28 మందితో మొదలైన సంఘమున మఱుసటి యేటికి 74 గురును, 1860 నాటికి 3,450 మందియు సభ్యులైరి. 1863 లో ఉత్తరాంగ్లదేశపు సహకారసంఘములు కలిసి టోకు వర్తకసంఘమును నెలకొల్పినవి. 1895 లో లండనున అంతర్జాతీయ సహకారమైత్రి వెలసినది. అది 1937 లో రాచ్‌డేలు నియమములను తన సూత్రములుగా స్వీకరించినది. మన దక్షిణదేశమున 1904 లో చెన్నపురి తిరువల్లిక్కేణిలో పదునలుగురు కూడి స్థాపించిన సహకారభాండారమునకు ఈ టోడ్ లేను అంగడియే మేలుబంతి. ఆనాడు ఆంధ్రజిల్లాలు ఆ రాజధానిలోనివే గనుక, సహకారమను మాట మనవారి చెవిని బడిన త్రోవలలో నిదియు నొకటి.

సంస్కృతమున యోగక్షేమమను సమాసమున్నది. ఉత్తరములలో కుశలప్రశ్నగా వాడివాడి దాని యర్థమును మఱచితిమి. లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని కాపాడుకొనుట క్షేమము. రాచ్‌డేలు చరిత్రమున యోగమునకు టోడ్ లేను సాక్షి. క్షేమము మాటయేమి? ఇక్కడినుండి కథ యంత సుఖముగా లేదు. మెచ్చుకోలు పుస్తకములు టోడ్ లేను దగ్గఱనే ఆగిపోవుచున్నవి. మేము ఆగుట న్యాయము కాదు.

1854 లో ఆ మార్గదర్శకులే ఒక సహకార నూలుమిల్లు స్థాపించిరి. లాభమును వాటాదారులకే గాక పనివారికిని పంచవలెనని నియమము. మిల్లు బాగుపడగానే లాభమునాశించి క్రొత్త వాటాదారులు చేరిరి. 1862 లో వారు ఓట్లు కూడగట్టుకొని పనివాని భాగమును రద్దుచేసిరి. తలుపు బ్రద్దలుకొట్టి ఎవరును రాలేదు. నియమము ప్రకారమే సభ జరిగినది, నియమము ప్రకారమే చేతులు లేచినవి. ఓటు ధర్మమునకు సాధనమేగాని తానే ధర్మము కాదని ఆ యూరు తొలిసారి నేర్చుకొన్నది.

ఇంతలో ఊరి పరిపాలనయు మాఱినది. 1856 లో రాచ్‌డేలు పురపాలకసంఘమైనది. 1871 లో విలియం క్రాస్‌లండు అను శిల్పి నిర్మించిన పురమందిరమును తెఱచిరి. ఇరువది వేల పౌనుల యంచనాతో మొదలిడిన భవనము లక్షా యేబది వేలు మ్రింగినది. 1883 లో దాని గోపురము కాలిపోగా, ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌసు రచించిన క్రొత్త గోపురమును నిలిపిరి. దేశమునందలి మిక్కిలి యందమైన పురమందిరములలో నిది యొకటియని పేరు. 2024 లో మరల బాగుచేసి ప్రజలకు తెఱచినారు. 1889 లో రాచ్‌డేలు లాంకషైరు సీమసభ చేతిక్రిందనుండి తొలగి స్వతంత్రపురమైనది.

ఆ కాలపు రాచ్‌డేలు పెద్దలలో జాన్ బ్రైటు (1811-1889) ప్రసిద్ధుడు. నూలుమిల్లు యజమాని బిడ్డడు, క్వేకరు మతస్థుడు, ధాన్యపు సుంకముల రద్దుకై పోరాడిన వక్త. ఆయనకు మన దేశముతో సంబంధము కలదు. 1848 లో భారతదేశమున ప్రత్తిసేద్యమును విచారించిన పార్లమెంటు ఉపసంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట లేచుచున్న కాలమది. 1858 లో ఆయన పార్లమెంటులో మాటలాడుచు, 1834 మొదలు 1848 వఱకు ఈస్టిండియా కంపెనీ తన రాజ్యమంతటను ప్రజోపయోగపు పనులకు వెచ్చించిన దానికంటె మాంచెస్టరు నగరమొక్కటియే తన నీటిసరఫరాకు ఎక్కువ వెచ్చించినదని యెత్తిపొడిచెను. మాట న్యాయమైనదే, అయితే దానివెనుక మిల్లుల యాకలియు నుండెను. 1861 లో అమెరికాలో అంతర్యుద్ధము రేగి ప్రత్తి రాక నిలిచిపోగా లాంకషైరు మిల్లులు మూతబడినవి. పనిలేక కార్మికుల కుటుంబములు అలమటించుచుండ అమెరికా ఉత్తరరాష్ట్రములవారు ఓడలలో పిండిపీపాలు పంపిరి. అందొక పీపా నేటికిని రాచ్‌డేలు ప్రదర్శనశాలలో నున్నది. మిల్లులు భారతదేశపు ప్రత్తికై చేయిచాచినవి. ఇచ్చట ధర లేచినది. యుద్ధము ముగియగనే ధర కూలి రైతు అప్పులపాలయ్యెను. ఒక చిన్న యూరి చిమ్నీలో పొగ నిలిచిన, ఏడు సముద్రముల కీవల రైతు గుండె అదరినది. మఱియొక మాట. సుంకములను ఖండించిన ఈ బ్రైటే మిల్లులలో పనిగంటలు తగ్గించు చట్టమును వ్యతిరేకించెను. మహనీయులను పూజించుటకంటె చదువుట మేలనుటకు ఇదియొక నిదర్శనము.

బీదవాని మొఱ వినబడకపోవుట రాచ్‌డేలున ఎంతటి హాని చేసినదో రెండు మరణములు చెప్పుచున్నవి. మొదటిది 1924 మార్చిలో. ఇచ్చటి టర్నరు సోదరుల రాతినార కర్మాగారము ప్రపంచమున ఆ రకపు వానిలో మిక్కిలి పెద్దది. అందు రాతినార వడికిన నెల్లీ కెర్షా యను స్త్రీ ఊపిరితిత్తులు చెడి ముప్పదిమూడవయేట మరణించెను. పన్నెండేండ్ల వయసుననే మిల్లులో చేరిన మనిషి. వ్యాధి పనివలన వచ్చినదని ఒప్పుకొనక కర్మాగారము వారు ఆమెకు పరిహారమీయ నిరాకరించిరి. విలియం కుక్ అను వైద్యుడు ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి అందు రాతినార కణములున్నవని వైద్యపత్రికలో ప్రకటించెను. ఆ వ్యాధిని గూర్చి వైద్యగ్రంథములలో స్థిరపడిన తొలి నిదర్శనములలో నిది యొకటి. 1931 లో రాతినార పరిశ్రమకు ప్రభుత్వము నిబంధనలు చేసెను. ఆ పదార్థమును పూర్తిగ నిషేధించుటకు 1999 వఱకు పట్టినది. గుర్తులేని గోతిలో పూడ్చబడిన ఆమెకు 2006 లో స్మారకశిల నిలిపిరి.

రెండవ మరణమునకు ముందు మండలము పుట్టుక చెప్పవలెను. 1972 నాటి స్థానికపరిపాలన చట్టము 1974 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చి ఆంగ్లదేశపు హద్దులన్నిటిని తిరిగి గీచినది. మొదట బరీ, రాచ్‌డేలు పట్టణములు రెండింటిని ఒక్క మండలముగా చేయ నుద్దేశించిరి. పిమ్మట వానిని విడదీసి, రాచ్‌డేలునకు హేవుడు, మిడిల్టను, లిటిల్‌బరో, మిల్న్‌రో, వార్డిలు కలిపిరి. బృహన్మాంచెస్టరు సీమకు పైన వేఱొక సభ యేర్పడినది. దానిని 1986 లో రద్దుచేసిరి. అధికారములు క్రిందికి దిగినవి. 2011 లో పది మండలములకు ఉమ్మడి సంస్థ వచ్చినది; 2017 లో దానికి ప్రజలెన్నుకొన్న మేయరు వచ్చెను. ఒక్క తరములో ఇన్ని మాఱులు! అయినను మిడిల్టనువాడు తన్ను మిడిల్టనువాడనియే చెప్పుకొనును. హద్దు గీచుట ఒకనాటి పని. ఊరు ఊరగుట తరముల పని.

మిల్లులు ఒక్కటొక్కటిగా మూతపడినవి. రెండవ ప్రపంచయుద్ధానంతరము రాత్రిపాళి పనులకై పాకిస్తాను, బంగ్లాదేశ ప్రాంతములనుండి వచ్చిన కుటుంబములు అచ్చటనే స్థిరపడినవి. వారు వచ్చిన పని పోయినను వారును వారి బిడ్డలును ఊరివారైరి. ఇటీవల సూడాను మొదలగు దేశములనుండియు వచ్చి చేరినవారు కలరు.

మండలసభకు వేలకొలది అద్దె యిండ్లుండెను. 2012 లో ఆ యిండ్లను అద్దెదారులును ఉద్యోగులును సభ్యులుగా గల ఒక పరస్పరసంఘమునకు అప్పగించిరి. సహకారమునకు పుట్టినిల్లగు రాచ్‌డేలున బీదవాని యింటికి బీదవాడే యజమాని యగునని ఎందఱో సంతోషించిరి. అందొక యింట సూడానునుండి వచ్చిన దంపతులు కాపురముండిరి. గోడలకు బూజు పట్టుచున్నదని తండ్రి 2017 లోనే చెప్పుకొనెను, రంగు పూసికొమ్మనిరి. బిడ్డ పుట్టెను, బూజు పెరిగెను, మొఱలు కాగితములలో నిలిచిపోయినవి. 2020 డిసెంబరు 21వ తేదీన రెండేండ్ల యా బాలుడు, అవాబ్, మరణించెను. చాలకాలము బూజుగాలి పీల్చుటవలన కలిగిన ఊపిరితిత్తుల వ్యాధియే కారణమని మరణవిచారణాధికారిణి 2022 నవంబరులో తీర్పు చెప్పెను. ఆ బిడ్డ పేర 2023 లో పార్లమెంటు చట్టము చేసినది. 2025 అక్టోబరునుండి అమలులోనికి వచ్చిన నియమము ప్రకారము అట్టి యిండ్ల యజమానులు ప్రాణాపాయమైన లోపమును ఇరువదినాలుగు గంటలలో చక్కబెట్టవలెను. ముదిరిన చెమ్మ, బూజులను పది పనిదినములలో విచారింపవలెను.

డిసెంబరు 21. టోడ్ లేనులో కొవ్వొత్తి వెలిగించిన తేదీయే అది. నడుమ 176 సంవత్సరములు. కాకతాళీయమే, కాని ఆ రెండు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాయునపుడు మా చేయి కొంతసేపు నిలిచిపోయినది.

ఇది యొక్కటియే కాదు. ఆ యూరి బీద బాలికలను దుర్మార్గులు చెఱచుచుండగా, ఆ బాలికలు ఎంతో ముందుగ చెప్పుకొన్నను రక్షకభటులును మండలాధికారులును చెవినిబెట్టలేదు. 2012 లో తొమ్మండుగురు దోషులు శిక్షింపబడిరి. అధికారుల నిర్లక్ష్యమును 2024 లో ఒక స్వతంత్రవిచారణ నివేదిక విపులముగా వెల్లడించినది. రాతినార కూలిదాని మాట, బూజుపట్టిన యింటివాని మాట, దిక్కులేని బాలిక మాట - మూడును ఒక్కచోటనే ఆగిపోయినవి. వినవలసినవాడు, చెప్పువారి యంతస్తును చూచి వారి మాటకు వెల కట్టెను. తేలిక తూకపురాళ్లనగా ఇవియే గదా!

కొందఱు దీనినిబట్టి సహకారము మోసమనియు, స్థానికస్వపరిపాలనము వ్యర్థమనియు వాదింతురు. మేమట్లు తలపము. టోడ్ లేను సంఘమువారి తక్కెడ సరిగా నుండుటకు కారణము వారు దేవతలగుట కాదు. పిండి కొన్న స్త్రీయే సభలో కూర్చుండినది. పిండి చెడిన నాడు ఆమె లేచి యడుగగలదు. అడిగినపుడు లెక్కలపుస్తకము తెఱవకతప్పదు. 28 మందిలో ఈ పని సులభము. వేలకొలది యిండ్లు గల సంఘమున సభ్యత్వము పేరునకు మిగిలినది. మొఱ వినుట జీతగాండ్ర దయగా మాఱినది. రూపము యోగమున వచ్చినది. క్షేమమునకు మాత్రము ప్రతిదినమును ఎవరో ఒకరు మేలుకొని యుండవలెను.

చదువరులారా, ఇది పరదేశపు ముచ్చట యని ప్రక్కకు నెట్టకుడు. మీ వీధిలో సహకారసంఘమొకటి యుండును. మీరు నివసించు భవనమునకు నివాసులసంఘముండును. మీ పిల్లల బడికి తల్లిదండ్రుల సభ యుండును. ఈ మాఱు సర్వసభ్యసమావేశమునకు పిలుపు వచ్చినపుడు సంతకము చేసి పంపివేయక స్వయముగా పొండు. ఇంటి ఆడువారిని వెంటగొని పొండు. గడచిన యేట వచ్చిన ఫిర్యాదులెన్ని, వానిలో తీరినవెన్ని, తీరనివి ఎవరివి యని అడుగుడు. ఈ మూడవ ప్రశ్నకు సమాధానము వచ్చువఱకు కూర్చుండకుడు.